డిస్కు నాడి చూడడం ఎలా?

(రేడియో ప్రసంగ పాఠం)



ఇవాళ కంప్యూటర్ల గురించి మాట్లాడతానంటే ఇంట్లో సగం మంది రేడియో దగ్గర నుంచి లేచి వెళ్ళిపోతారని నాకు తెలుసు. కాస్త ఓపిక పట్టండి. ఇది ఇంజనీర్ల కోసం చెబుతున్న మాట కాదు. పిల్లల పుట్టినరోజు ఫోటోలూ, ఊళ్ళో జరిగిన పెళ్ళిళ్ళ వీడియోలూ, ఇప్పుడు మన మధ్య లేని పెద్దవాళ్ళ గొంతులూ ఏదో ఒక డిస్కులో దాచుకున్న ప్రతి ఇంటికీ పనికొచ్చే సంగతి.

నేను చాలా ఏళ్ళుగా డిస్కుల వేగం కొలిచే ఉద్యోగంలో ఉన్నాను. ఆ సంగతి తెలిసిన వాళ్ళ ఇంటికి భోజనానికి వెళితే కాఫీతో పాటు ఒక ప్రశ్న కూడా వస్తుంది. "మా కంప్యూటర్ నత్తలా నడుస్తోందండీ, ఏం చెయ్యమంటారు?" అని. నేను నోరు తెరిచేలోపే పక్కనున్న వాళ్ళు సలహాలు చెప్పేస్తారు. మెమరీ పెంచుకోమని ఒకరు, వైరస్ పట్టిందని ఇంకొకరు, అంతా తుడిచేసి విండోస్ మళ్ళీ ఎక్కించమని మరొకరు. వీటిలో ఏదైనా నిజమే కావచ్చు. కానీ జ్వరం చూడకుండా మందు వేసినట్టుంటుంది. జ్వరం చూసే సాధనం మీ కంప్యూటర్లోనే ఉంది. దానికి పైసా ఖర్చు లేదు.

నేను చెప్పదలచుకున్నది ఇంతే. కంప్యూటర్ నిదానించినప్పుడు, డిస్కు ఎంత పని చేస్తోంది, ఒక్కో పనికి ఎంతసేపు తీసుకుంటోంది, ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడాలి. అప్పుడు డిస్కుకి పని ఎక్కువైందా, వయసు మీద పడిందా, జబ్బు చేసిందా అన్నది తెలుస్తుంది. జబ్బు చేసిందని తేలితే ముందు కాపీ, ఆ తరువాతే మరమ్మత్తు.

వంటమనిషి, గట్టు, కొట్టుగది

కంప్యూటర్‌ని ఒక వంటిల్లు అనుకోండి. ప్రాసెసర్ వంటమనిషి. మెమరీ, అంటే ర్యామ్, ఆవిడ చేతికందే గట్టు. డిస్కు పెరట్లో ఉన్న కొట్టుగది. గట్టు మీదున్న పోపుల డబ్బా అందుకోవడానికి క్షణం పట్టదు. కొట్టుగదిలోంచి కందిపప్పు రావాలంటే మనిషి వెళ్ళి, తాళం తీసి, వెతికి తీసుకురావాలి. అంతవరకూ వంటమనిషి గరిట పట్టుకుని నిలబడాల్సిందే.

తేడా ఎంతో ఒక లెక్క చెబుతాను. మెమరీలోంచి ఒక ముక్క తీసుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. దాన్ని సాగదీసి ఒక్క సెకను అనుకుందాం. అదే కొలతలో, గిరగిరా తిరిగే పాత రకం హార్డ్ డిస్కు ఒక ముక్క తెచ్చివ్వడానికి ఒక రోజు దాటుతుంది. కదిలే భాగాలు లేని ఎస్.ఎస్.డి. అయితే పావుగంట పైచిలుకు. మీ కంప్యూటర్ కొత్తదైనా, ప్రాసెసర్ ఎంత గొప్పదైనా, కొట్టుగది వైపు చూస్తూ నిలబడితే పని సాగదు.

తిరిగే డిస్కు ఎందుకంత నిదానం అంటారా? మొదటి హార్డ్ డిస్కుని ఐ.బి.ఎం. 1956లో బయటికి తెచ్చింది. 24 అంగుళాల పళ్ళేలు యాభై, అన్నీ కలిపి యాభై లక్షల అక్షరాలు పట్టేవి. అప్పటికీ ఇప్పటికీ పరిమాణం ఎంతో మారింది కానీ పద్ధతి అదే. పళ్ళెం తిరుగుతుంది, దాని మీద చదివే ముల్లు అటూ ఇటూ జరుగుతుంది. బల్ల మీద పెట్టే కంప్యూటర్లలో డిస్కు సాధారణంగా నిమిషానికి 7,200 చుట్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకి 8.3 మిల్లీసెకన్లు. మనకు కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అర చుట్టు, అంటే 4 మిల్లీసెకన్ల పైన. ముల్లు సరైన వరస దగ్గరికి జరగడానికి మరో 8 లేక 9 మిల్లీసెకన్లు. మొత్తం 12, 13 మిల్లీసెకన్లు. ఈ లెక్కన అక్కడో ముక్క, ఇక్కడో ముక్క అడిగితే సెకనుకి ఎనభై కోరికల దగ్గర ఆగిపోతుంది. అదే వరసగా ఉన్న ఒక పెద్ద సినిమా అడిగితే ముల్లు కదలక్కర్లేదు కాబట్టి సెకనుకి 150 మెగాబైట్లైనా ఇస్తుంది.

అందుకే పెద్ద సినిమా చకచకా కాపీ అవుతుంది, అంతే బరువున్న వేల చిన్న చిన్న ఫైళ్ళు గంటల తరబడి పాకుతాయి. అది మీ డిస్కు లోపం కాదు, దాని స్వభావం.

అంకెలు ఎక్కడ చూడాలి?

విండోస్ వాళ్ళు కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో పెర్ఫార్మెన్స్ అన్న భాగానికి వెళ్ళి డిస్క్ మీద నొక్కండి. నాలుగు అంకెలు కనిపిస్తాయి. యాక్టివ్ టైమ్ అంటే డిస్కు ఎంత శాతం సమయం పనిలో ఉందో చెప్పేది. రీడ్ స్పీడ్, రైట్ స్పీడ్ అంటే సెకనుకి ఎంత చదివింది, ఎంత రాసింది. యావరేజ్ రెస్పాన్స్ టైమ్ అంటే ఒక్కో కోరిక తీరడానికి ఎన్ని మిల్లీసెకన్లు పట్టింది. ఏ ప్రోగ్రాము ఎక్కువ అడుగుతోందో చూడాలంటే రిసోర్స్ మానిటర్ తెరిచి డిస్క్ భాగం చూడండి. పేర్లు పెద్ద వాడకం నుంచి చిన్న వాడకానికి వరసలో పెట్టుకోవచ్చు.

మాక్ వాళ్ళకి యాక్టివిటీ మానిటర్‌లో డిస్క్ భాగం ఉంటుంది. ఎవరు ఎంత చదివారో, ఎంత రాశారో చెబుతుంది కానీ వేచి ఉన్న సమయం చెప్పదు. లినక్స్ వాడే పిల్లలు ఇంట్లో ఉంటే ఐఓస్టాట్ అన్న ఆదేశానికి అడ్డగీత, ఎక్స్ తగిలించి, ఐదేసి సెకన్లకోసారి చూపించమని అడగమనండి. అందులో ఆర్-అవెయిట్, డబ్ల్యూ-అవెయిట్ అన్న నిలువు వరసలు చదవడానికీ రాయడానికీ పట్టిన సమయం చెబుతాయి. ఏ ప్రోగ్రాము వల్లో చూడడానికి ఐఓటాప్ ఉంది.

చాలామంది యాక్టివ్ టైమ్ 100 శాతం అని చూసి కంగారు పడతారు. ఆ ఒక్క అంకె చూసి ఏమీ తేల్చకండి. రైల్వే స్టేషన్‌లో ఒకే రిజర్వేషన్ కౌంటర్ ఉందనుకోండి. దాని ముందు ఎప్పుడూ ఒక మనిషైనా ఉంటే అది 100 శాతం పనిలో ఉన్నట్టే. పది కౌంటర్లున్న చోట కూడా ఏదో ఒక కౌంటర్ దగ్గర ఒక మనిషి ఉంటే చాలు, ఈ కొలత 100 అనే చూపిస్తుంది. తిరిగే డిస్కుది ఒకే కౌంటర్. ఎస్.ఎస్.డి.కి లోపల చాలా కౌంటర్లు. అందుకని ఎస్.ఎస్.డి.లో 100 కనిపించినా ఇంకా బోలెడు సత్తువ మిగిలి ఉండవచ్చు.

ఒకే కౌంటర్ ఉన్న చోట ఇంకో సంగతి. ఒక టికెట్టుకి 10 మిల్లీసెకన్లు పడుతుందనుకోండి. జనం ఒక పద్ధతి లేకుండా వస్తుంటే, కౌంటర్ సగం సమయం పనిలో ఉన్నప్పుడు మన పని సగటున 20 మిల్లీసెకన్లలో అవుతుంది. 80 శాతం పనిలో ఉంటే 50 అవుతుంది. 90 శాతానికి 100 అవుతుంది. అంటే పని కాస్త పెరిగితే నిరీక్షణ అమాంతం పెరుగుతుంది. "నిన్నటిదాకా బాగానే ఉందండీ, ఇవాళ హఠాత్తుగా ఇలా అయింది" అని వినిపించడానికి తరచుగా ఇదే కారణం.

నాలుగు రకాల నాడి

ఇప్పుడు నిదానంగా ఉన్నప్పుడే ఆ తెర ముందు కూర్చుని ఐదు నిమిషాలు చూడండి. అన్నీ బాగున్నప్పుడు కూడా ఒకసారి చూసి కాగితం మీద రాసిపెట్టుకుంటే పోల్చుకోవడానికి ఉంటుంది.

మొదటిది. డిస్కు ఖాళీగా, రెండు మూడు శాతం దగ్గరుంది. అయినా కంప్యూటర్ నిదానమే. అప్పుడు డిస్కుని వదిలెయ్యండి. తప్పు ప్రాసెసర్ దగ్గరో, ఇంటర్నెట్ దగ్గరో ఉంది.

రెండవది. డిస్కు గట్టిగా పని చేస్తోంది, సెకనుకి పదుల, వందల మెగాబైట్లు కదులుతున్నాయి. అది ఆరోగ్యమే. ఎవరి కోసం పని చేస్తోందో కనుక్కోండి. వైరస్ వెతికే ప్రోగ్రాము కావచ్చు, విండోస్ అప్‌డేట్ కావచ్చు, ఫోటోలని క్లౌడ్‌కి ఎక్కించే ప్రోగ్రాము కావచ్చు. పనయ్యేదాకా ఆగడమో, దాన్ని రాత్రివేళకి మార్చుకోవడమో చేస్తే చాలు. ఒకేసారి రెండు పెద్ద కాపీలు మొదలుపెట్టకండి. తిరిగే డిస్కు ముల్లు రెండు చోట్ల మధ్య పరుగులు పెట్టి రెండింటినీ పాడుచేస్తుంది.

మూడవది. డిస్కు 100 శాతం, కదిలేది సెకనుకి ఒకటో రెండో మెగాబైట్లు, రెస్పాన్స్ టైమ్ 30 నుంచి 100 మిల్లీసెకన్ల మధ్య. అక్కడో ముక్క, ఇక్కడో ముక్క అడుగుతున్నారన్నమాట. ఇక్కడ ముందు మెమరీ వైపు చూడండి. గట్టు ఇరుకైతే వంటమనిషి ఒక గిన్నె కొట్టుగదిలో పెట్టించి, ఇంకోటి తెప్పించుకుని, మళ్ళీ మొదటిది కావాలంటుంది. ఆ తిరుగుడు మనకు డిస్కు నిదానంలా కనిపిస్తుంది. టాస్క్ మేనేజర్‌లో మెమరీ 90 శాతం దాటి అక్కడే ఉన్నా, మాక్‌లో మెమరీ ప్రెషర్ గీత పసుపో ఎరుపో అయినా, లినక్స్‌లో విఎంస్టాట్ చూపించే ఎస్-ఐ, ఎస్-ఓ వరసల్లో అంకెలు ఆగకుండా కదులుతున్నా, అసలు రోగం గట్టుది. బ్రౌజర్‌లో తెరిచిపెట్టిన నలభై పేజీలు మూసి చూడండి. తేడా కనిపిస్తే ర్యామ్ పెంచుకోవచ్చు. మెమరీ ఖాళీగానే ఉండి, డిస్కు మాత్రం తిరిగే రకమైతే, దాని స్థానంలో ఎస్.ఎస్.డి. పెట్టించడమే సరైన ఖర్చు. పాత ల్యాప్‌టాప్ మళ్ళీ లేచి కూర్చుంటుంది.

నాలుగవది అసలైనది. డిస్కు 100 శాతం, కదిలేది దాదాపు సున్నా, రెస్పాన్స్ టైమ్ వేల మిల్లీసెకన్లు. అడిగేవాడు పెద్దగా లేడు, అయినా జవాబు రావడం లేదు. ఇది జబ్బు.

బయట తగిలించే డిస్కుల విషయంలో జబ్బు అనుకునే ముందు రెండు సంగతులు చూడండి. ఒకటి, అది పాత యు.ఎస్.బి. 2.0 రంధ్రంలో ఉందేమో. అందులో సెకనుకి 35 మెగాబైట్లకి మించి రావడం కష్టం. 500 గిగాబైట్లు కాపీ చెయ్యడానికి నాలుగు గంటలు. తీగ మార్చి, హబ్ తీసేసి, నేరుగా కొత్త రంధ్రంలో పెట్టి చూడండి. రెండు, జేబులో పట్టే డిస్కుల్లో చాలావాటిలో వరసలు పెంకుటింటి కప్పు మీద పెంకుల్లా ఒకదాని మీదికి ఒకటి కొంచెం ఎక్కి ఉంటాయి. అడుగు పెంకు మార్చాలంటే పైవి కూడా కదిలించాలి. అలాంటి డిస్కుకి చాలాసేపు ఏకధాటిగా రాస్తే వేగం ఒక్కసారి పడిపోతుంది. కాసేపు వదిలేస్తే తేరుకుంటుంది. రాయడం నిదానించినా చదవడం మామూలుగా ఉంటే భయం లేదు. చదవడమే ఆగిపోతుంటే భయపడాలి.

జబ్బు చేసిన డిస్కు ఎందుకు నిదానిస్తుంది?

పళ్ళెం మీద ఒక చోటు చెడిపోయినప్పుడు డిస్కు వెంటనే "నా వల్ల కాదు" అనదు. చుట్టు మీద చుట్టు తిరుగుతూ మళ్ళీ మళ్ళీ చదివి చూస్తుంది. ఒక్కో చోట సెకన్ల తరబడి పోరాడుతుంది. ఆఖరికి ఎలాగో చదివితే ఫోటో తెరుచుకుంటుంది, మనం "కాస్త ఆలస్యమైంది" అనుకుని ఊరుకుంటాం. ఆ ఆలస్యమే అది చెప్పే మొదటి మాట.

ఇంకా సాక్ష్యం కావాలంటే డిస్కు తన రోగాల చిట్టా తనే రాసుకుంటుంది. దాని పేరు స్మార్ట్. విండోస్‌లో క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అన్న ఉచిత ప్రోగ్రాముతో, లినక్స్‌లో స్మార్ట్‌సిటిఎల్‌తో చూడవచ్చు. మాక్‌లో డిస్క్ యుటిలిటీ బాగుంది, బాగాలేదు అని మాత్రం చెబుతుంది. తిరిగే డిస్కులో మూడు వరసలు ముఖ్యం. 5వది, చెడిపోయి మార్చిన చోట్ల లెక్క. 197, చదవలేక అనుమానంలో పెట్టిన చోట్లు. 198, ఇక చదవలేమని తేల్చినవి. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో ఈ చివరి రెండూ సి5, సి6 అని కనిపిస్తాయి. ఈ మూడింటిలో సున్నా కాని అంకె ఉండి, అది వారం వారం పెరుగుతుంటే ఆలోచించడానికి సమయం లేదు. 199 ఒక్కటే పెరుగుతుంటే తప్పు చాలావరకు తీగది, తీగ మార్చండి. విండోస్ ఈవెంట్ వ్యూయర్‌లో సిస్టమ్ చిట్టా తెరిచి, డిస్క్ పేరు మీద 7, 51, 153 నంబర్ల హెచ్చరికలు ఉన్నాయేమో కూడా చూడండి.

2007లో గూగుల్‌కి చెందిన పిన్‌హీరో, వెబర్, బరోసో అనే ముగ్గురు తమ దగ్గరున్న లక్షకు పైగా డిస్కుల చరిత్ర ప్రకటించారు. డిస్కు తనని తాను పరీక్షించుకునేటప్పుడు మొదటి లోపం కనిపించాక, అరవై రోజుల్లో అది పోయే అవకాశం, లోపం లేని డిస్కు కన్నా 39 రెట్లు ఎక్కువని తేలింది. అదే పరిశోధనలో ఇంకో మాట కూడా ఉంది. పోయిన డిస్కుల్లో సగానికి పైగా, ముఖ్యమైన నాలుగు స్మార్ట్ సూచనల్లో ఒక్కటీ చూపించకుండానే పోయాయి. అంటే చిట్టాలో చెడ్డ అంకె ఉంటే నమ్మండి. మంచి అంకె ఉందని మాత్రం నిశ్చింతగా కూర్చోకండి.

ముందు కాపీ

మా ఊళ్ళో ఒక తెలుగు కుటుంబం ఇలాగే నన్ను పిలిచారు. పది పన్నెండేళ్ళ నాటి కంప్యూటర్. దుకాణంలో చూపిస్తే విండోస్ మళ్ళీ ఎక్కించమన్నారట. టాస్క్ మేనేజర్ తెరిస్తే యాక్టివ్ టైమ్ 100, చదవడం సెకనుకి మెగాబైటులో మూడో వంతు, రెస్పాన్స్ టైమ్ నాలుగు వేల పైన. "ఇందులో ఏముందమ్మా?" అని అడిగాను. "అన్నీ ఇందులోనే ఉన్నాయి అన్నయ్యగారూ, మా మామగారి షష్టిపూర్తి వీడియో కూడా. ఆయన పోయి మూడేళ్ళయింది" అంది ఆ ఇల్లాలు.

ఆ రాత్రి విండోస్ జోలికి పోలేదు. కొత్త డిస్కు తెచ్చి ఒక్కో ఫోల్డరే దించాం. మొదట ఫోటోలు, తరువాత ఇంటి వీడియోలు. దుకాణాల్లో దొరికే సినిమాలు చివరికి. ఒక ఫోల్డర్ దగ్గర ఆగిపోతే దాన్ని పక్కన పెట్టి ముందుకెళ్ళాం. రెండు రాత్రులు పట్టింది. ఫోటోలు దాదాపు అన్నీ వచ్చాయి. షష్టిపూర్తి వీడియో నాలుగు భాగాల్లో మూడు వచ్చాయి, ఒకటి రాలేదు. మూడో రోజు ఉదయం కంప్యూటర్ ఆ డిస్కుని అసలు గుర్తు పట్టలేదు. పెద్దాయన మాట్లాడిన భాగం వచ్చిన మూడింటిలో ఉంది.

కనుక నాలుగో రకం నాడి దొరికితే ఈ పనులు చెయ్యకండి. విండోస్ మళ్ళీ ఎక్కించకండి. డీఫ్రాగ్ చెయ్యకండి. చెక్‌డిస్క్‌తో మరమ్మత్తుకి దిగకండి. మొత్తం డిస్కుని వైరస్ కోసం వెతికించకండి. ఇవన్నీ మిగిలిన కాస్త ఊపిరినీ ఖర్చు చేస్తాయి. వేరే డిస్కు తెచ్చి, మళ్ళీ దొరకనివి ముందు, డబ్బిస్తే దొరికేవి తరువాత కాపీ చెయ్యండి. తెలిసినవాళ్ళు ఉంటే డిడి-రెస్క్యూ అన్న ఉచిత పరికరం వాడమనండి. అది బాగున్న చోట్లని ముందు దించుకుని, చెడ్డ చోట్లకి చివర తిరిగి వస్తుంది. డిస్కులోంచి టక్ టక్ మని చప్పుడు వస్తుంటే మాత్రం వెంటనే ఆపెయ్యండి. ఆ పని ఇంట్లో చేసేది కాదు, డిస్కులు తెరిచి బాగుచేసే నిపుణులది.

ఎస్.ఎస్.డి. పెట్టుకున్నాం, మాకేం భయం అనుకోకండి. అది పోయేటప్పుడు చప్పుడుండదు, ముందుగా నిదానించాలని కూడా లేదు. నిండిపోయే కొద్దీ నిదానిస్తుంది కాబట్టి కొంత చోటు ఖాళీగా ఉంచండి. నకలు మాత్రం ఎప్పుడూ వేరే చోట ఉండాలి. రెండు నకళ్ళు, అందులో ఒకటి వేరే ఇంట్లోనో క్లౌడ్‌లోనో ఉంటే మంచిది. మనలో చాలామందికి అన్నదమ్ములో అక్కచెల్లెళ్ళో ఇంకో ఊళ్ళో ఉంటారు. పండక్కి కలిసినప్పుడు డిస్కులు మార్చుకోవడం ఏమంత కష్టం?

2025 అక్టోబర్‌తో విండోస్ 10కి మామూలు సహాయం ఆగిపోయింది. దాంతో చాలా ఇళ్ళలో పాత కంప్యూటర్లు బేస్‌మెంట్ చేరాయి. వాటిలో ఏముందో మీకు గుర్తుందా? ఈ వారాంతంలో ఒకటి పైకి తెచ్చి, తగిలించి, ఆ నాలుగు అంకెలూ చూడండి. నాడి బాగుంటే తీరిగ్గా, బాగాలేకపోతే ఆ రాత్రే కాపీ చేసుకోండి.